ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ నిలకడ తప్పితే: వోల్టేజి లోపాన్ని పట్టుకుని సరిచేసే పద్ధతి

ఓవర్‌క్లాక్ చేసిన, అంటే ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వేగంతో నడుపుతున్న కంప్యూటర్ ఒకసారి ఆగిపోగానే చాలామంది నేరుగా బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి కోర్ వోల్టేజిని, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే కోర్‌లకు అందే వోల్టేజిని, మరికాస్త పెంచుతారు. ఆ పని కొన్నిసార్లు ఫలిస్తుంది, ఫలించిన ప్రతిసారీ అదొక్కటే మందు అన్న నమ్మకం బలపడుతుంది. నిజానికి నిలకడ తప్పడానికి తక్కువ వోల్టేజి ఒక కారణం మాత్రమే. అధిక వేడి, ర్యామ్ వేగం, మెమరీ కంట్రోలర్, క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) వేగం, పవర్ సప్లై, ఆఖరికి బయోస్ తనంతట తాను ఎంచుకున్న ఒక ఆటో సెట్టింగు కూడా అచ్చం అదే లక్షణాన్ని చూపగలవు. అందుచేత వోల్టేజి ఎంత పెంచాలి అని ఆలోచించే ముందు, యంత్రం ఏ సమయంలో తడబడిందో తేల్చుకోవాలి. పూర్తి లోడ్ (పనిభారం) మీద ఉండగా ఆగిందా, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు ఆగిందా, లోడ్ మొదలయ్యే లేదా ముగిసే మలుపులో ఆగిందా, బాగా వేడెక్కిన తర్వాత ఆగిందా అన్నది తెలిస్తే వెతకవలసిన చోటు చాలావరకు కుదించుకుపోతుంది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ఆధారాన్ని పట్టుకుని నడుస్తుంది.

ముందుగా చేయవలసినవి

నిలకడ లేని ప్రాసెసర్ ఎప్పుడూ విండోస్ నీలి తెర (క్రాష్ సందేశం) చూపించే ఆగిపోతుందనుకోకూడదు. లెక్క తప్పుగా చేసి, ఆ తప్పుడు ఫలితాన్నే నిశ్శబ్దంగా డిస్కు మీద రాసేయగలదు. ఫైల్ సిస్టమ్ చెడిపోవడం, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సరిపోలిక తప్పిందన్న సందేశం రావడం, ఇన్‌స్టాలేషన్లు కారణం లేకుండా విఫలం కావడం ఇలాగే జరుగుతాయి. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లన్నిటి ప్రతిని, పరీక్షలు జరుగుతున్నంతసేపూ ఈ కంప్యూటర్‌కు తగిలించని వేరే డిస్కులో ఉంచడం మొదటి షరతు. వీలుంటే పరీక్షల కోసం విడిగా ఒక పాత ఎస్‌ఎస్‌డీలో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవడం ఇంకా మంచిది.

రెండో షరతు వెనక్కి వచ్చే దారి తెలిసి ఉండటం. మదర్‌బోర్డు పుస్తకంలో సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచే మెమరీ) చెరిపే జంపర్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి. కొన్ని బోర్డులలో వెనుకవైపే అందుకు మీట ఉంటుంది. ఏదీ లేకపోతే విద్యుత్ తీగ పూర్తిగా తీసివేసి, బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీని కొన్ని నిమిషాలపాటు బయటకు తీసి ఉంచితే సెట్టింగులు మొదటికి వస్తాయి. నిలకడగా ఉన్న ప్రతి దశనూ బయోస్‌లో ఒక ప్రొఫైల్‌గా దాచుకోవాలి. దానితోపాటు ఒక కాగితం మీద వేగం, పెట్టిన వోల్టేజి, లోడ్ మీద కనిపించిన వోల్టేజి, గరిష్ఠ ఉష్ణోగ్రత, నడిపిన పరీక్ష, ఫలితం అన్న వరుసలో రాసుకుంటూ పోవాలి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చాలి. రెండు మార్చి నిలకడ వస్తే ఏది పనిచేసిందో తెలియదు, రాకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు.

మూడోది చాలామంది దాటవేసే మెట్టు. బయోస్‌ను పూర్తిగా డిఫాల్ట్‌కు తెచ్చి, ర్యామ్‌ను ప్రామాణిక వేగం కన్నా పైన నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైల్‌ను కూడా ఆపివేసి, ముందు ఆ స్థితిలో పరీక్షలు నడపాలి. ర్యామ్ ప్రొఫైల్ కూడా ఓవర్‌క్లాకే అన్న సంగతి తరచు మరుగున పడుతుంది. డిఫాల్ట్ స్థితిలోనే తప్పులు వస్తుంటే సమస్య మీ ఓవర్‌క్లాక్‌లో లేదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం ఇందుకు సరైన ఉదాహరణ. కొన్ని చిప్‌లు ఏ మార్పూ లేకుండానే ఆటలలో క్రాష్ అవుతూ, వీడియో మెమరీ చాలడం లేదన్న తప్పుదారి పట్టించే సందేశాలు చూపేవి. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజిని కోరడం వల్ల కాలక్రమంలో చిప్ నిలబడటానికి కావలసిన కనీస వోల్టేజి పైకి జరుగుతోందని ఇంటెల్ 2024లో నిర్ధారించింది. ఆ సంవత్సరం ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ (బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ అంతర్గత సాఫ్ట్‌వేర్) ఆ కోరికను 1.55 వోల్టుల దగ్గర కట్టడి చేసింది, సెప్టెంబరులో 0ఎక్స్12బి వచ్చింది, ఆ చిప్‌ల వారంటీని రెండేళ్లు పొడిగించారు. ఈ తరాల చిప్ మీ దగ్గర ఉంటే తాజా బయోస్ ఎక్కించకుండా ఓవర్‌క్లాక్ ఊసే ఎత్తకూడదు. మైక్రోకోడ్ జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగుచేయదు.

పెట్టిన వోల్టేజి, అందిన వోల్టేజి

బయోస్‌లో 1.30 అని రాసినంత మాత్రాన కోర్‌లకు 1.30 వోల్టులు అందుతాయని అనుకోవడమే ఈ రంగంలో ఎక్కువ గందరగోళానికి మూలం. ప్రాసెసర్ గుండా ప్రవహించే కరెంటు పెరిగేకొద్దీ అందే వోల్టేజి తగ్గుతుంది. దీన్నే వీడ్రూప్ అంటారు. ఇది లోపం కాదు, కావాలని అలా రూపొందించారు. ఎంత తగ్గాలన్నది లోడ్‌లైన్ అనే నిరోధం నిర్ణయిస్తుంది. లోడ్‌లైన్ 1.1 మిల్లీఓమ్‌లు ఉండి, ప్రాసెసర్ 150 ఆంపియర్లు లాగుతున్నదనుకుంటే తగ్గుదల 0.165 వోల్టులు. అంటే 1.30 పెట్టిన చోట లోడ్ మీద 1.135 మాత్రమే మిగులుతుంది. తేలికపాటి పనిలో 30 ఆంపియర్లే లాగితే 0.033 వోల్టులే తగ్గి, 1.267 దగ్గర నిలుస్తుంది. ఒకే సెట్టింగు మీద రెండు పనులలో రెండు వేర్వేరు వోల్టేజిలు ఎందుకు కనిపిస్తాయో, ఒకటి గట్టెక్కి మరొకటి ఎందుకు కూలుతుందో ఈ లెక్కతో అర్థమవుతుంది.

ఈ తగ్గుదలను సరిదిద్దే సెట్టింగు పేరు లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్, పొట్టిగా ఎల్‌ఎల్‌సీ. దీన్ని బలంగా పెడితే లోడ్ మీద వోల్టేజి దాదాపు పెట్టిన విలువ దగ్గరే నిలుస్తుంది. చూడటానికి అదే ఆదర్శంగా తోస్తుంది గానీ నేను దాన్ని సమర్థించను. లోడ్ హఠాత్తుగా తొలగినప్పుడు వోల్టేజి మైక్రోసెకన్ల కాలంపాటు పైకి ఎగుస్తుంది, లోడ్ హఠాత్తుగా మీద పడినప్పుడు అంతే వేగంగా కిందికి జారుతుంది. లోడ్‌లైన్ చదునుగా ఉన్నకొద్దీ ఈ ఎగుడుదిగుళ్లు తీవ్రమవుతాయి. సాఫ్ట్‌వేర్ సెన్సర్లు సెకనుకు ఒకటి రెండుసార్లు మాత్రమే చదువుతాయి కాబట్టి ఈ శిఖరాలూ లోయలూ వాటి కంటికి ఆనవు, ఆసిలోస్కోప్‌కే కనిపిస్తాయి. స్క్రీన్ మీద 1.30 చదునుగా కనిపిస్తూ ఉండగానే చిప్ అంతకన్నా పై వోల్టేజిని చవిచూస్తూ, మరో క్షణంలో అవసరమైనంత అందక తప్పు చేస్తూ ఉండవచ్చు. అందుకే మధ్యస్థంగా ఉన్న ఎల్‌ఎల్‌సీ స్థాయిని ఎంచుకుని, లోడ్ మీద కొంత తగ్గుదలను అంగీకరించి, ఆ మేరకు పెట్టే విలువను కాస్త పైన ఉంచడం మేలు. ఒక జాగ్రత్త ఏమిటంటే, స్థాయిల అంకెలు తయారీదారుని బట్టి తలకిందులవుతాయి. ఆసుస్ బోర్డులలో సాధారణంగా అంకె పెరిగేకొద్దీ దిద్దుబాటు బలపడుతుంది, ఎంఎస్‌ఐ, ఆస్‌రాక్ బోర్డులలో 1 అన్నదే అన్నిటికన్నా బలమైన స్థాయి. ఒక బోర్డు వారు చెప్పిన అంకెను మరో బోర్డులో పెట్టడం ప్రమాదకరం.

ఇక ఆ వోల్టేజిని ఎక్కడ చదవాలన్నది మరో చిక్కు. సెన్సర్ల విలువలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిస్తే వోల్టేజి అన్న మాటతో అరడజను వరుసలు కనిపిస్తాయి. వీఐడీ అన్నది ప్రాసెసర్ కోరిన విలువ, అందిన విలువ కాదు. వీకోర్ అన్నది బోర్డు మీది మానిటరింగ్ చిప్ చదివినది. అది కొలిచే చోటు చిప్‌కు దూరంగా ఉంటే లోడ్ మీద అసలుకన్నా ఎక్కువ చూపుతుంది. వోల్టేజి రెగ్యులేటర్ తానే తెలిపే వీఆర్ వీఅవుట్ కనిపిస్తే, లేదా బోర్డుకు డై-సెన్స్ (చిప్ దగ్గరే కొలిచే ఏర్పాటు) ఉంటే, ఆ విలువ నమ్మదగినది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ల ఏఎం4 సాకెట్ బోర్డులలో ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్ అన్న వరుసను చూడాలి. ఏ వరుసను చూస్తున్నారో కాగితం మీద రాసుకుని, చివరిదాకా దాన్నే చూడాలి.

ఇంటెల్ బోర్డులలో వోల్టేజిని అడాప్టివ్ (ప్రాసెసర్ కోరికను బట్టి మారే) లేదా ఆటో పద్ధతిలో వదిలినప్పుడు ఏసీ లోడ్‌లైన్ అనే మరో విలువ రంగంలోకి వస్తుంది. తగ్గబోయే వోల్టేజిని ముందే ఊహించి ప్రాసెసర్ తన కోరికను ఎంత పెంచాలో అది చెబుతుంది. బోర్డు ఆటోలో దీన్ని ఎక్కువగా పెట్టి, మీరు అదే సమయంలో ఎల్‌ఎల్‌సీని కూడా బలపరిస్తే, ఒకే తగ్గుదలకు రెండుసార్లు పరిహారం చెల్లించినట్లవుతుంది. అడిగిన దానికన్నా వోల్టేజి ఎక్కువగా కనిపిస్తూ, ఉష్ణోగ్రత అర్థం లేకుండా ఎగబాకుతుంటే ముందు చూడవలసినది ఇదే. లోపాన్ని వెతికే దశలో మాన్యువల్ స్థిర వోల్టేజి పెట్టుకుంటే ఈ చిక్కులు తొలగుతాయి. నిలకడ దొరికాక అడాప్టివ్‌కు మారవచ్చు.

ప్రతి మెట్టుకూ పడే ఖర్చు

ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ మారేటప్పుడు ఖర్చయ్యే శక్తి క్లాక్ వేగానికి అనులోమంగా, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 5.0 గిగాహెర్ట్జ్‌ను 1.20 వోల్టుల మీద నడిపే చిప్‌కు 5.2 కోసం 1.32 వోల్టులు కావలసి వచ్చిందనుకుందాం. వోల్టేజి పదో వంతు పెరిగింది, దాని వర్గం 1.21 రెట్లయింది, వేగంతో గుణిస్తే శక్తి సుమారు 1.26 రెట్లు. నాలుగు శాతం వేగానికి ఇరవై ఆరు శాతం అదనపు శక్తి. ట్రాన్సిస్టర్లు ఆఫ్‌లో ఉన్నా కారిపోయే లీకేజి కరెంటు వేడితో మరింత పెరుగుతుంది కాబట్టి వాస్తవంలో ఇంకా ఎక్కువే పడుతుంది. పైగా చిప్ వేడెక్కేకొద్దీ అదే వేగాన్ని నిలబెట్టడానికి మామూలుగా మరికాస్త వోల్టేజి అడుగుతుంది, ఆ వోల్టేజి మళ్లీ వేడిని పెంచుతుంది. ఒక హద్దు దాటాక వోల్టేజి పెంచడమే నిలకడను చెడగొట్టేది ఈ వలయం వల్లనే.

మీ చిప్‌కు ఆ హద్దు ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. 100 మెగాహెర్ట్జ్ చొప్పున పైకి వెళుతూ, ప్రతి మెట్టులో నిలకడకు కావలసిన కనీస వోల్టేజిని రాసుకుంటే, మొదట్లో మెట్టుకు 0.02 చొప్పున పెరిగినది ఒకచోట 0.05కో 0.07కో దూకుతుంది. ఆ దూకుడుకు ముందున్న మెట్టే రోజువారీ వాడకానికి సరైన చోటు. దాన్ని దాటి నిలకడ కోసం రాత్రుళ్లు వెచ్చించేవారు వెతుకుతున్నది సెట్టింగులలో దొరకదు, ఆ సిలికాన్‌లోనే లేదు.

పరీక్ష ఏది పెడితే ఏది తేలుతుంది

అన్ని పరీక్షలూ ఒకే భాగాన్ని శోధించవు. సినీబెంచ్ అనే వేగ పరీక్ష పది నిమిషాలు నడిస్తే సెట్టింగు మరీ అసంబద్ధంగా లేదని తెలుస్తుంది, అంతకుమించి కాదు. ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే పరీక్ష ప్రాసెసర్ క్యాష్‌లోనే ఇమిడి కోర్‌లను, వాటి వేడిని పరీక్షిస్తుంది. లార్జ్, బ్లెండ్ రకాలు ర్యామ్‌నూ మెమరీ కంట్రోలర్‌నూ లోపలికి లాగుతాయి. వై-క్రంచర్, ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లు లెక్క సరిపోయిందా అని తనిఖీ చేస్తూ పోతాయి కాబట్టి యంత్రం ఆగకపోయినా చిన్న తప్పును పట్టేస్తాయి. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీలో ఒక్క వర్కర్ (ఒక కోర్ మీద నడిచే పరీక్ష భాగం) మాత్రమే రౌండింగ్ తప్పు చూపి ఆగిపోతే, ఆ కోర్ ఒక్కటే బలహీనమని అర్థం. అది చాలా విలువైన సమాచారం.

పరీక్ష నడుస్తున్నంతసేపూ ఉష్ణోగ్రతనూ క్లాక్ వేగాన్నీ పక్కనే చూస్తూ ఉండాలి. ఇంటెల్ 12 నుంచి 14 తరాల కె-శ్రేణి చిప్‌లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రైజెన్ 7000 శ్రేణి చిప్‌లు ఎక్కువగా 95 దగ్గర, 7800ఎక్స్3డీ 89 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. పవర్ లిమిట్‌కు తగిలినా ఇదే జరుగుతుంది. 5.3 పెట్టి, పరీక్షలో అది 4.9కి పడిపోయి రాత్రంతా నడిస్తే, మీరు నిరూపించినది 4.9 నిలకడను. ఇలా తలదాచుకున్న అస్థిరత తర్వాత ఒక రోజు ఆట ఆడుతున్నప్పుడు, చిప్ చల్లగా పూర్తి వేగంతో ఉన్నప్పుడు బయటపడుతుంది. ఏవీఎక్స్ సూచనలు (ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ప్రాసెసర్ ఆదేశాలు) వాడే పరీక్షలు ఎక్కువ కరెంటు లాగి వేడిని పెంచుతాయి. అవి వాడనివి వేడిని తగ్గించి వేగాన్ని గరిష్ఠానికి చేరనిస్తాయి. రెండు రకాలూ నడపాలి.

ఏ సమయంలో ఆగింది

భారీ లోడ్ మొదలైన కొన్ని సెకన్లలోనే ఆగిపోతే, ఉష్ణోగ్రత ఇంకా పెరగకముందే కూలితే, అది చాలావరకు వోల్టేజి కొరతే. కోర్ సమయానికి స్పందించలేదని చెప్పే క్లాక్ వాచ్‌డాగ్ టైమ్‌అవుట్ అన్న నీలి తెర ఈ సందర్భంలో తరచు కనిపిస్తుంది, సరిదిద్దలేని హార్డ్‌వేర్ తప్పును తెలిపే వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ కూడా రావచ్చు. ఇప్పుడు 0.01 నుంచి 0.02 వోల్టుల చొప్పున పెంచుతూ పోవాలి. లోడ్ మీద అందుతున్న విలువ పెట్టిన విలువకన్నా మరీ కిందికి ఉంటే ఎల్‌ఎల్‌సీని ఒక్క స్థాయి పెంచి చూడవచ్చు. మూడు నాలుగు మెట్లు పెంచినా మార్పు లేకపోతే పెంచడం ఆపాలి. కారణం వేరే చోట ఉంది.

పది ఇరవై నిమిషాలు చక్కగా నడిచి, ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరాక కూలితే వోల్టేజి పెంచడం పొరపాటు చికిత్స. ముందు చిప్‌ను చల్లబరచాలి. కూలర్ బిగింపు, థర్మల్ పేస్టు, ఫ్యాన్ వేగం చూసుకున్న తర్వాత వోల్టేజిని పెంచడానికి బదులు 0.02 తగ్గించి, వేగాన్ని 100 మెగాహెర్ట్జ్ దింపి మళ్లీ నడిపి చూడాలి. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్‌ఎం భాగం వేడెక్కినా సరిగ్గా ఇదే తీరు కనిపిస్తుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి, వేగం మాత్రం ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేస్తూ ఉంటే వీఆర్‌ఎం సెన్సర్‌ను చూడాలి. ద్రవ కూలర్ వాడేవారి బోర్డులలో ఆ భాగం మీదుగా గాలి కదలిక తగ్గుతుంది, కాబట్టి ఒక చిన్న ఫ్యాన్‌ను అటు తిప్పితే తేడా తెలిసిపోతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు, వెబ్ పేజీ చూస్తున్నప్పుడు, నిద్ర నుంచి లేచినప్పుడు ఆగిపోవడం అందరినీ తికమకపెట్టే లక్షణం. రాత్రంతా ప్రైమ్95 తట్టుకున్న యంత్రం ఉదయం డెస్క్‌టాప్ మీద గడ్డకట్టిపోతే కారణం తోచదు. ఇక్కడ వోల్టేజి కొరత ఉన్నది పూర్తి లోడ్‌లో కాదు. నెగటివ్ ఆఫ్‌సెట్ (వోల్టేజిని ఒకే మేర తగ్గించే సెట్టింగు) పెట్టినప్పుడు ఆ తగ్గింపు వేగ-వోల్టేజి రేఖ అంతటికీ వర్తిస్తుంది. పై చివర మిగులు ఉన్నా, కింది చివర ముందే తక్కువగా ఉన్న వోల్టేజి ఇంకా తగ్గి చిప్ నిలబడలేకపోతుంది. మరో కారణం ఒక్క కోర్ మాత్రమే పనిచేసే తేలిక లోడ్. అప్పుడు ఆ కోర్ తన అత్యధిక బూస్ట్ వేగానికి ఎగురుతుంది, అన్ని కోర్‌ల పరీక్షలో ఆ వేగం ఒక్కసారైనా రాదు. ఆఫ్‌సెట్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడం ఈ రెండింటికీ మొదటి పరిష్కారం. రైజెన్ యంత్రాలలో బయోస్‌లోని పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చడం కూడా ఖాళీ స్థితిలో గడ్డకట్టడాన్ని ఆపిన సందర్భాలున్నాయి.

లోడ్ ముగిసిన మరుక్షణం లేదా మొదలైన మరుక్షణం ఆగిపోతే, అంటే పరీక్షను ఆపు అని నొక్కగానే, ఆటలో దృశ్యం మారగానే కూలిపోతే, ఎల్‌ఎల్‌సీ మీద అనుమానపడాలి. దాన్ని ఒక స్థాయి మెత్తబరచి, తగ్గిన మేరకు పెట్టే వోల్టేజిని పెంచి, లోడ్ మీద అందే విలువ మునుపటిలాగే ఉండేలా సర్దాలి. సగటు వోల్టేజి మారకుండానే ఈ ఒక్క సర్దుబాటుతో నిలకడ వచ్చిన యంత్రాలు ఎన్నో. దీన్ని పరీక్షించాలంటే లోడ్‌ను కొన్ని సెకన్లకొకసారి వేసి తీసే పద్ధతి కావాలి. ఓసీసీటీలో అటువంటి మారే లోడ్ ఎంపిక ఉంది.

నీలి తెర లేకుండా, దీపం ఆర్పినట్టు యంత్రం మొత్తం ఆరిపోతే లేదా తిరిగి మొదలైతే, పవర్ సప్లైని లేదా బోర్డు రక్షణ వ్యవస్థను చూడాలి. ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నుల కనెక్టర్ పూర్తిగా దిగిందో లేదో, బోర్డుకు రెండో కనెక్టర్ ఉంటే అదీ తగిలించారో లేదో ముందు చూడాలి. 12 వోల్టుల లైను ఏటీఎక్స్ 2.x ప్రమాణం ప్రకారం 5 శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపే విలువను ఈ విషయంలో నమ్మకూడదు, మల్టీమీటర్‌తో లోడ్ మీద కొలవాలి.

అసలు ఆగిపోకుండానే ఫలితాలు తగ్గడం కూడా అస్థిరతే. రైజెన్ చిప్‌లకు వోల్టేజి జారినప్పుడు క్లాక్‌ను సాగదీసి తప్పు జరగకుండా కాపాడుకునే ఏర్పాటు ఉంది. అప్పుడు తెర మీద 4.8 గిగాహెర్ట్జ్ అనే కనిపిస్తుంది గానీ పని మాత్రం అంత జరగదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస పూర్తి లోడ్ మీద మామూలు క్లాక్‌కు దగ్గరగా ఉండాలి. వంద, రెండు వందల మెగాహెర్ట్జ్ వెనకబడి ఉంటే, సినీబెంచ్ అంకె వేగం పెంచినా పెరగకపోతే, వోల్టేజి చాలడం లేదన్నమాట. వోల్టేజి తగ్గించి క్రాష్ రాలేదని సంతోషించేవారు ఈ వరుసను తప్పక చూడాలి.

లాగ్‌లో ఉన్న సాక్ష్యం

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో వీయా-లాగర్ పేరు మీద వచ్చిన నమోదులను వెతకాలి. 19 అంకె గల నమోదు హార్డ్‌వేర్ తప్పు జరిగి, దాన్ని సరిదిద్దుకున్నట్టు చెబుతుంది. 18 అంకెది సరిదిద్దుకోలేని తప్పు. సరిదిద్దుకున్న తప్పును పట్టించుకోనక్కర్లేదని భావించడం సరికాదు. అది హద్దు మీద నిలబడి ఉన్నారన్న హెచ్చరిక, చిప్ చల్లగా ఉన్న పూట పది వస్తే వేడిగా ఉన్న పూట యంత్రమే ఆగుతుంది. లినక్స్‌లో ఇవే తప్పులు కెర్నల్ సందేశాలలో మెషీన్ చెక్ పేరుతో కనిపిస్తాయి, రాస్‌డీమన్ అనే ప్రోగ్రామ్ వాటిని పోగుచేసి పెడుతుంది.

నమోదులోని వివరాలు చదవడం ముఖ్యం. రైజెన్ మీద క్యాష్ హైరార్కీ ఎర్రర్ అని ఉంటే, కోర్ వోల్టేజి లేదా ఆ కోర్‌కు ఇచ్చిన కర్వ్ ఆప్టిమైజర్ విలువ (దీని సంగతి కింద చూద్దాం) మీద అనుమానం. బస్/ఇంటర్‌కనెక్ట్ ఎర్రర్ అని ఉంటే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్‌లోని భాగాలను కలిపే మార్గం) వేగం, సాక్ వోల్టేజి (మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి అందేది) వైపు చూడాలి, అక్కడ కోర్ వోల్టేజి ఎంత పెంచినా ఉపయోగం ఉండదు. అదే నమోదులో తప్పు ఏ థ్రెడ్ మీద జరిగిందో చెప్పే ప్రాసెసర్ ఎపిక్ ఐడీ అనే అంకె ఉంటుంది. ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు ఉన్నప్పుడు 0, 1 మొదటి కోర్‌కు, 2, 3 రెండో కోర్‌కు చెందుతాయి. కొన్ని మోడళ్లలో మధ్య అంకెలు దాటిపోతాయి కాబట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫోతో సరిచూసుకోవాలి. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే దోషి దొరికినట్టే.

మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ వంటి నీలి తెరలు, ఒక్కో క్రాష్‌కు ఒక్కో పేరు మారుతూ రావడం ర్యామ్ వైపు చూపుతాయి. ఇవి ఖాయమైన రుజువులు కావు. ర్యామ్ ప్రొఫైల్‌ను ఆపి, ప్రాసెసర్ ఓవర్‌క్లాక్‌ను అలాగే ఉంచి మళ్లీ పరీక్షిస్తే వివాదం తీరిపోతుంది. తప్పులు పోతే ర్యామ్‌ను విడిగా మెమ్‌టెస్ట్86తో చూడాలి. ఇంటెల్ చిప్‌లలో రింగ్ అని పిలిచే క్యాష్ వేగాన్ని కూడా ఇదే పద్ధతిలో వేరుచేయాలి. కోర్ వేగం తేలేదాకా రింగ్‌ను డిఫాల్ట్‌లోనే వదలాలి. దాన్ని పెంచడం వల్ల వచ్చే లాభం కొద్ది, తెచ్చే సందేహాలు ఎక్కువ.

కర్వ్ ఆప్టిమైజర్ విషయం

రైజెన్ 5000 శ్రేణితో వచ్చిన ఈ సౌకర్యం ఒక్కో కోర్ వోల్టేజి రేఖను విడిగా జరపనిస్తుంది. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అన్ని కోర్‌లకూ ఒకేసారి మైనస్ 30 పెట్టి, ఆటలు నడుస్తున్నాయని నిశ్చింతగా ఉండటం తరచు కనిపించే పొరపాటు. ప్రాసెసర్ తనకు తాను ఉత్తమమైనవిగా గుర్తు పెట్టుకున్న కోర్‌లు ముందే తక్కువ వోల్టేజితో ఎక్కువ వేగానికి వెళుతుంటాయి. వాటిలో తగ్గించడానికి మిగులు తక్కువ. కనుక వాటికి మైనస్ 5, మిగిలినవాటికి మైనస్ 15 దగ్గర మొదలుపెట్టడం వివేకం.

దీని పరీక్ష అన్ని కోర్‌ల లోడ్‌తో తేలదు. కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు ప్రైమ్95ను ఒక్కో కోర్ మీద వంతులవారీగా నడుపుతుంది, కాబట్టి ప్రతి కోర్ తన గరిష్ఠ బూస్ట్ వేగాన్ని చేరుతుంది. తప్పు వచ్చిన కోర్‌కు మాత్రమే విలువను మూడు నుంచి ఐదు అంకెలు వెనక్కి తేవాలి. అన్ని కోర్‌లూ రాత్రంతా తప్పు లేకుండా తిరిగాక, యంత్రాన్ని ఒకటి రెండు రోజులు మామూలు పనికి వాడుతూ, ఖాళీగానూ వదిలి చూడాలి.

ఎంత వరకు పెంచవచ్చు

అందరికీ సరిపోయే ఒక్క అంకె చెప్పడం సాధ్యం కాదు. తయారీ ప్రక్రియ, కరెంటు, ఉష్ణోగ్రత మూడూ కలిసి చిప్ ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తాయి. రైజెన్ తేలిక పనిలో తానే 1.4 వోల్టులు దాటి తీసుకోవడం చూసి, అన్ని కోర్‌లకూ స్థిరంగా 1.4 పెట్టవచ్చని అనుకోవడం తప్పు. ఒక కోర్ కొద్దిపాటి కరెంటుతో ఆ వోల్టేజిని మోయడం వేరు, అన్ని కోర్‌లూ పూర్తి కరెంటుతో గంటల తరబడి మోయడం వేరు. ర్యామ్ కోసం పెంచే సాక్ వోల్టేజికి మాత్రం స్పష్టమైన హద్దు ఉంది. 2023లో రైజెన్ 7000ఎక్స్3డీ చిప్‌లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయిన తర్వాత ఏఎండీ బయోస్ నవీకరణ ద్వారా దాన్ని 1.3 వోల్టులకు పరిమితం చేసింది. ఆ చిప్‌లు కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డు మీద పాత బయోస్‌తో ఎక్స్‌పో ప్రొఫైల్ నడుపుతుంటే ఈ విలువను ఈరోజే చూసుకోవాలి.

కొన్ని నెలలు నిలకడగా నడిచిన సెట్టింగు ఒకనాటి నుంచి తప్పులు చూపడం మొదలుపెడితే ముందు దుమ్మును, థర్మల్ పేస్టును, గది వేడిని, ఈ మధ్య మారిన బయోస్‌ను చూడాలి. కొత్త బయోస్ ఎల్‌ఎల్‌సీ, ఏసీ లోడ్‌లైన్ ఆటో విలువలను చెప్పకుండా మార్చివేయగలదు కాబట్టి నవీకరణ తర్వాత పాత ప్రొఫైల్‌ను గుడ్డిగా ఎక్కించకుండా, విలువలను చేత్తో మళ్లీ నమోదు చేసి, లోడ్ మీద వోల్టేజిని కాగితం మీది పాత విలువతో పోల్చాలి. అవన్నీ సరిగా ఉండి, అదే ఉష్ణోగ్రతలో అదే వేగానికి మునుపటికన్నా ఎక్కువ వోల్టేజి అడుగుతుంటే చిప్ అరుగుతున్నట్టే. అప్పుడు వోల్టేజి పెంచి ఆ వేగాన్ని పట్టుకుని వేలాడితే అరుగుదల ఇంకా త్వరపడుతుంది. వేగాన్ని 100 లేదా 200 మెగాహెర్ట్జ్ దింపి, వోల్టేజిని కూడా దింపి, పరీక్షలను మొదటి నుంచి నడపాలి. డిఫాల్ట్ సెట్టింగులలోనూ తప్పులు వస్తుంటే ఆ చిప్‌తో ఇక ముఖ్యమైన పని చేయకుండా, వారంటీ గడువు ఉన్నదేమో చూసి మార్పిడికి పంపాలి.